నోరుమూసే మలుపు దాటి

జనవరి 6

కత్తెరకు,

వదిన రాస్తున్నది. ముందు విషయం చెప్పి తర్వాత కుశలం అడుగుతాను, ఆగలేను.

కొండ మొదట్లో నల్లా దగ్గర నిన్న ఒక బోర్డు పాతారు. పైనున్న పదిహేడు ఇళ్ళకీ బండ్లు పోయే రోడ్డు వేస్తారట. మార్చి ఒకటో తారీకు నుంచి కాలిబాట మూత. ఆ బాటనే తవ్వి రోడ్డు చేస్తారు గనక, తర్వాత తెరవడానికి బాటంటూ ఉండదు. మూడుసార్లు చదివాను. నమ్మకం చాలక మీ అన్నయ్యను పిలుచుకొచ్చి చదివించాను. ఆయన గడియారాలు బాగుచేసే భూతద్దం కంటికి తగిలించుకుని, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చూసి, "అలాగే రాసుంది" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నా మాట ఒప్పుకోవడం ఇది మూడోసారి.

ముప్పై ఒక్కేళ్ళు ఆ బాట మీదే ఉత్తరాల సంచి మోశాను. ఎక్కడానికి నాలుగు వేల రెండు వందల అడుగులు, దిగడానికి నాలుగు వేల ఏడు వందలు. దిగేటప్పుడు అడుగు చిన్నదవుతుంది, అందుకే లెక్క పెరుగుతుంది. బోర్డు చూస్తే నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఎక్కడలేని ఉషారూ వచ్చింది. ఎందుకంటే నువ్వింకా పైకి ఎక్కలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఎక్కబోయావు. నోరుమూసే మలుపు దగ్గర బండ మీద కూలబడి, "నావల్ల కాదొదినా" అన్నావు. ఎంత వాగుడుకాయైనా అక్కడికొచ్చేసరికి ఊపిరి చాలక నోరు మూస్తాడు, దానికందుకే ఆ పేరు. నువ్వైతే నోరు మూయలేదు, ఏడ్చావు. ఆ తర్వాత ఎన్నిసార్లు మా ఇంటికొచ్చినా కొండ మాటెత్తితే చాలు, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ వంటింట్లోకి పారిపోయేదానివి. నీకది ముల్లులా గుచ్చుతోందని నాకు తెలుసు.

కాబట్టి ఫిబ్రవరి ఆఖరి వారం రా. ఇద్దరం ఎక్కుదాం. నాకు అరవై నాలుగు, నీకు అరవై. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. ఈ మాట నాది కాదు, బోర్డుది. నా మోకాళ్ళ గురించి అడగకు, ఇనుప గుంజలు. నీవెలా ఉన్నాయి?

ఫోనుంది కదా అనకు. ఇంటింటికీ ఉత్తరం పంచినదాన్ని, సొంత మనుషులతో ఫోనులో తేల్చేస్తే ఆ సంచి ఉసురు తగులుతుంది. నీకూ నాకూ మొదట్నుంచీ ఉత్తరాలే, చివరిదాకా ఉత్తరాలే.

మీ అన్నయ్యను కూడా ఎక్కమన్నాను. చేతిలో గడియారం మీంచి తలెత్తకుండానే, "నేను కింద నల్లా దగ్గర కాపలా ఉంటాలే" అన్నారు.

సంచి దించినా కొండ దిగని
మీ వదిన

జనవరి 13

వదినకు,

నీ ఉత్తరం చదువుతూ మిషను తొక్కడం ఆపలేదు. ఫలితంగా ఒకాయన చొక్కా చేతిని జేబుతో కలిపి కుట్టేశాను. విప్పుతూ కూడా నవ్వుతూనే ఉన్నాను.

వస్తాను. ఇది మొదటి మాట.

రెండోది, అవును, ముల్లే. ఆ రోజు నాకు గొడుగిచ్చి, బండ మీద కూచోబెట్టి, బట్వాడా ఆగకూడదని నువ్వు పైకి వెళ్ళావు. తిరిగొచ్చాక ఇల్లు చేరేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నావల్ల నీకు తలవంపులైందని అప్పుడే అర్థమైంది. పోనీలే, ఇప్పుడు పాత కుట్లు విప్పి లాభం లేదు.

మూడోది, నన్ను అప్పటి మనిషే అనుకోకు. నేనుండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. రోజుకి మూడుసార్లు ఎక్కి దిగుతాను. వీధి చివర ఉత్తరాల పెట్టె ఉన్నా అందులో వెయ్యను, పెద్ద పోస్టాఫీసు దాకా నడిచి వేస్తాను. అటు అరగంట, ఇటు అరగంట. మా భవనం కింద ఇస్త్రీ చేసే ఆవిడ నన్ను చూసి, "ఈ వయసులో ఆ నడకేంటండీ, దిష్టి తగుల్తుంది" అంటోంది.

కొండకి మామూలు బట్టలు పనికిరావు. ఇద్దరికీ గట్టి ప్యాంట్లు కుడతాను. మోకాళ్ళకి ఎలాస్టిక్ పట్టీలు కూడా. నడుం, పొడవు, మోకాలి చుట్టుకొలత పంపు. పాత కొలతలు నా దగ్గరున్నాయిలే అని బద్ధకించకు. గుడ్డ ఉతికితే ముడుచుకుంటుంది, మనిషి ఉతికినా సాగుతుంది. టేపు పెట్టి కొలువు.

దూరపు కొండలు నునుపంటారు. ఆ కొండ నాకు దగ్గర్నుంచి కూడా నునుపుగానే కనిపించింది, ఎక్కేదాకా. ఈసారి చూస్తాను దాని సంగతి.

కాలు నేల మీద నిలవని
కత్తెర

జనవరి 20

నాలుగో అంతస్తు మహారాణికి,

వస్తున్నావన్న కబురు మీ అన్నయ్యకు చెబితే గోడ గడియారానికి కీ ఇవ్వడం మర్చిపోయారు. రెండు రోజులు ఇంట్లో పొద్దున తొమ్మిదే.

కొలతలు రాసుకో. నడుం ముప్పై ఎనిమిది. పొడవు ముప్పై ఏడు. మోకాలు పద్నాలుగు అంగుళాలు. రెండూ పద్నాలుగే.

ఇక పాఠం. శ్రద్ధగా చదువు. ఎక్కడం గొప్ప కాదు, దిగడమే గొప్ప. ఎక్కేటప్పుడు ఊపిరి ఏడుస్తుంది, దిగేటప్పుడు మోకాలు ఏడుస్తుంది. ఊపిరికి రెండు నిమిషాలు ఆగితే చాలు. మోకాలు ఆగినా ఏడుపు మానదు. అందుకని తిన్నగా దిగకూడదు. బాట వెడల్పంతా వాడుకుంటూ, అటోసారి ఇటోసారి అడ్డంగా దిగాలి. మరీ నిటారుగా ఉన్నచోట వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలా దిగుతుంటే పైవాళ్ళు పగలబడి నవ్వారు. రెండో ఏడాదికల్లా వాళ్ళూ అలాగే దిగారు. నీ మెట్ల మీద సాధన చెయ్యి. ఎవరైనా నవ్వితే నా పేరు చెప్పు.

పైన బడి గోడకి ఎర్రపెట్టె ఉంటుంది. నీకు ముందు అదే చూపిస్తాను. దాని తాళంచెవి ముప్పై ఒక్కేళ్ళు నా నడుముకే వేలాడింది. అందులోంచి తీసిన ప్రతి కవరు మూలనా నీలం పెన్సిలుతో చిన్న గీత గీసేదాన్ని, అది కొండ ఉత్తరమని కింద ఆఫీసులో తెలియాలి, ఆలస్యమైందని నన్ను తిట్టకూడదు. ఎన్ని వేల గీతలు గీశానో. నా పేరున్న కవరు మీద మాత్రం ఒక్కటీ పడలేదు. ఎలా పడుతుంది? ఉత్తరాలు పట్టుకెళ్ళే మనిషి రోజూ ఎదురుగా నిలబడుంటే ఆమెకెవరు రాస్తారు? ఏమైనా ఉంటే మొహం మీదే చెప్పేవాళ్ళు. ఎక్కువగా తిట్లే.

కొత్తగా చేరిన పోస్టుమాన్‌కి యాభై దాటాయి. నీలం గీత అలవాటు అతనికి అప్పగించాను. గీస్తున్నానంటాడు. నమ్మను.

మీ గురువు
వదిన

జనవరి 27

గురువుగారైన వదినకు,

ఈ ఉత్తరంతో పాటే పార్సిలు వస్తోంది. నీకు ప్యాంటు, రెండు మోకాలి పట్టీలు. సీటు దగ్గర రెండు పొరల గుడ్డ వేశాను. ఎందుకని అడక్కు, ముందుచూపు. నా ప్యాంటుకైతే లోపల ఒక చిన్న జేబు కుట్టుకున్నాను. అది కూడా ఎందుకో చెప్పను.

మోకాలి కొలత సరిగ్గా తీశావా? నా కొలతల పుస్తకంలో నీ పేజీ ఇంకా ఉంది, ఖాకీ ప్యాంట్లు కుట్టినప్పటిది. అప్పుడూ పద్నాలుగే. నడుం ఆరంగుళాలు పెరిగి మోకాలు పిసరంత కూడా పెరగలేదంటే నువ్వు పెట్టి పుట్టావు. పట్టీ వేసుకుని పది అడుగులు నడిచి, ఎలా ఉందో దాచకుండా రాయి.

వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టాను. రెండో అంతస్తు లెక్కల మాస్టారు ఎదురొచ్చి, "ఏమైనా పడిపోయిందా, వెతుకుతున్నారా?" అన్నాడు. "అవునండీ, వయసు" అన్నాను. ఆయన నిజంగానే కిందకి వంగి చూశాడు.

మిషను పక్కన గోడకి ఒక కాగితం అంటించాను. ఫిబ్రవరి 27 దాకా గళ్ళు గీసి, రోజుకో గడి కొట్టేస్తున్నాను. బట్టలిచ్చేవాళ్ళు ఎవరి పెళ్ళని అడుగుతున్నారు.

ఇది కూడా పెద్ద పోస్టాఫీసు దాకా నడిచే వేస్తున్నాను.

కత్తెర

ఫిబ్రవరి 3

కత్తెరకు,

పార్సిలు అందింది. ప్యాంటు వేసుకుని వీధిలో ఓ చుట్టు తిరిగొచ్చాను, ఇద్దరు నన్ను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారా అని అడిగారు. పట్టీలు పోత పోసినట్టున్నాయి. పది అడుగులేంటి, వంద నడిచాను. జారలేదు, బిగియలేదు. నీ చేతికి తిరుగులేదు.

ఒక్క మాట. బాగా ఆలోచించే రాస్తున్నాను. తొందరేముంది? రోడ్డు పడ్డాక ఇద్దరం బండిలో వెళదాం. పైన చూడాల్సిన ఇళ్ళూ, ఎర్రపెట్టే ఎక్కడికీ పోవు. ఎలా వెళితే ఏం, చేరడం కదా ముఖ్యం. రోజుకి మూడుసార్లు నాలుగంతస్తులంటే నాకు భయంగా ఉంది. మెట్లు నమ్మదగినవి కావు. నువ్వు ఒంటరిగా ఉంటావు. ఏదైనా అయితే చూసేదెవరు?

మీ అన్నయ్య కూడా ఇదే మంచిదన్నారు. అంటే, నేను చెప్పాక తల ఊపారు.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ వదిన

ఫిబ్రవరి 7

వదినగారికి,

బండిలో వెళదామా. నెల రోజులు నన్ను ఉడికించి, గళ్ళు గీయించి, మాస్టారి ముందు వెనక్కి నడిపించి, ఇప్పుడు బండి చూపిస్తారా. అంటే మీ లెక్కలో నేనింకా ఆ బండ మీద ఏడుస్తున్న మనిషినే. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరూ నన్ను ఇంత మర్యాదగా అవమానించలేదు.

సరే, నా వంతు. పట్టీలు పోత పోసినట్టున్నాయా? నువ్వు పంపిన కొలతకి నేను కుట్టలేదు. కిందటిసారి వచ్చినప్పుడు నువ్వు ఎడమ కాలు ఈడ్చడం చూశాను గనక, ఎడమది పదహారున్నర అంగుళాలకి కుట్టాను. నీ మోకాలు నిజంగా పద్నాలుగే అయితే ఆ పట్టీ మూడో అడుగులో చీలమండ మీద కుప్పపడాలి. వంద అడుగులు నడిచినా జారలేదంటే, నీ ఎడమ మోకాలు రెండున్నర అంగుళాలు వాచిపోయి ఉంది. నలభై ఏళ్ళు టేపు పట్టుకున్నదాన్ని వదినా. మనుషులు నోటితో అబద్ధమాడతారు, ఒంటితో ఆడలేరు. ఇనుప గుంజలట.

నీ కాలు బాగాలేకపోతే బాగాలేదని చెప్పు. చెప్పడానికి నామోషీ అయి, ఆ చేతకానితనం నా నెత్తిన రుద్దకు.

గోడ మీద కాగితం చింపలేదు. చింపాలని చెయ్యి దాని దాకా వెళ్ళింది.

నీ ఆడపడుచు

ఫిబ్రవరి 11

కత్తెరకు,

దొరికిపోయాను. మీ అన్నయ్య నీ ఉత్తరం చదివి, భూతద్దం తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. నాలుగో విషయం కూడా ఒప్పుకున్నారు, నీ తెలివి గురించి.

నిజం రాస్తున్నాను. ఎడమ మోకాలు పోయింది. లోపల ఎముకా ఎముకా రాసుకుంటున్నాయని డాక్టరన్నాడు. మార్చి పదిన కొత్త మోకాలు పెడతారు. మెట్లెక్కొచ్చుగానీ, నిటారు కొండలు మర్చిపొమ్మన్నాడు. అంటే బాటకీ నాకూ ఒకేసారి మూత. నీకు చెబితే రానంటావని పాత కొలతే పంపాను.

కానీ బండి మాట నా కాలు చూసి రాయలేదు, నీ కవర్లు చూసి రాశాను. పెద్ద పోస్టాఫీసు ముద్ర గుండ్రంగా ఉంటుంది, కింద టైము పడుతుంది. నీ కవర్ల మీదున్నది మీ వీధి చిన్న ఆఫీసు ముద్ర, పలకగా ఉంటుంది. రెండుసార్లు అరగంట నడిచానని రాశావు, రెండుసార్లూ పలక ముద్రే. పైగా పార్సిలు మీద చిరునామా నీ చేతిరాత కాదు. నువ్వు బయటికి రావడంలేదని ఫిబ్రవరి మూడునే తెలిసిపోయింది. నిన్ను నిలదీయడానికి మనసొప్పలేదు, అందుకే బండి అన్నాను. టేపు నీదైతే ముద్ర నాది.

ఇంకొకటి. ఆ రోజు దారంతా నేను మాట్లాడకపోవడం కోపం కాదే పిచ్చిదానా. నిన్ను ఒక్కదాన్నే బండ మీద వదిలానన్న కంగారులో పరిగెత్తుకుంటూ దిగాను. ఎడమ కాలు మెలితిరిగింది. పళ్ళు బిగబట్టి నడుస్తుంటే మాటలెక్కడివి? నీకు చెబితే ఇంకా ఏడుస్తావని చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు నువ్వు తలవంపులనుకున్నావని నీ జనవరి ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. చదివాక కూడా, చెప్పాలంటే మోకాలి మాట ఎత్తాలి కదా అని మింగేశాను.

నీ సంగతి ఇప్పుడు నువ్వు రాయి.

మీ వదిన

ఫిబ్రవరి 17

వదినా,

తేలు కుట్టిన దొంగలా ఒక పూటంతా మిషను దగ్గర కూచున్నాను. అరవలేను, ఊరుకోలేను.

నవంబరు నుంచి నేను నాలుగో అంతస్తు దిగలేదు. ఒకరోజు దిగుతుంటే రెండో అంతస్తు దగ్గర కుడి మోకాలు బిగుసుకుపోయింది. మెట్టు మీద గంటసేపు కూచున్నాను, పక్కన పాలసీసా పెట్టుకుని. నొప్పి పోయింది గానీ భయం పోలేదు. అప్పట్నుంచి కిటికీలోంచి తాడుకి బుట్ట కట్టి దింపుతున్నాను. కూరగాయలు, దారం, కుట్టిన బట్టలు, నీకు రాసిన ఉత్తరాలు, అన్నీ బుట్టలోనే. ఇస్త్రీ ఆవిడే పెట్టెలో వేసేది, పార్సిలు మీద చిరునామా రాసిందీ ఆవిడే. లెక్కల మాస్టారు నా గుమ్మం ముందు నాలుగు మెట్ల మీద చూశాడు. ఆ నాలుగే దిగాను. మిగతాది నా పైత్యం.

నీ ఉత్తరం వచ్చాక గోడ మీది గళ్ళ కాగితం ముందు నిలబడ్డాను. పరిగెత్తుకు దిగావా నాకోసం. ఇన్నాళ్ళూ నేను మోసిన ముల్లు అసలు ముల్లే కాదా. కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. వెళ్ళి తలుపు తీశాను.

మొదటి రోజు ఒక అంతస్తు, వెనక్కి తిరిగి, నువ్వు చెప్పినట్టు నిచ్చెన దిగినట్టే. రెండో రోజు రెండు. బిగుసుకున్న ఆ మెట్టు మీద కావాలని కూచుని ఒక అరటిపండు తిని లేచాను. ఈ రోజు నాలుగూ దిగాను. ఇస్త్రీ ఆవిడ ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆనించి నిలబడిపోయింది. చొక్కా కాలిన వాసన వచ్చింది. ఆ చొక్కా బదులు నేను కొత్తది కుట్టి ఇస్తాను, పరవాలేదు.

ఇంకా రాయను. ఈ ఉత్తరం ఎవరు వేశారో, ఎక్కడ వేశారో నీకు నేను చెప్పక్కర్లేదు. ముద్ర చూసుకో.

కత్తెర

ఫిబ్రవరి 21

కత్తెరకు,

గుండ్రం. పెద్దాఫీసు. పది గంటల ముప్పై నిమిషాలు.

కవరు చించలేదు, అలాగే పట్టుకుని మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళి చూపించాను. ఆయన భూతద్దంతో చూసి, "టైము స్పష్టంగా పడింది" అన్నారు. ఆయన దగ్గర అది పెద్ద మెప్పే. ముప్పై ఒక్కేళ్ళలో చాలా ముద్రలు చూశాను గానీ, చూసి ఇంట్లో గెంతాలనిపించినది ఇదే. మోకాలు గుర్తొచ్చి ఆగాను.

ఇక అబద్ధాల్లేవు. మనిద్దరికీ కలిపి నాలుగు మోకాళ్ళు, పనిచేసేవి రెండున్నర. దానితోనే ఎక్కుదాం. ఈసారి డాక్టర్ని కూడా నిజమే అడిగాను. "ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి కొండ ఎక్కుతాను" అన్నాను. ఆయన నన్ను చూసి, కాగితాలు చూసి, మళ్ళీ నన్ను చూశాడు. రెండు కర్రలు పట్టుకోవాలి, నెమ్మదిగా నడవాలి, నొప్పి పెరిగినచోట ఆగిపోవాలి, ఇంకొక్క అడుగూ వెయ్యకూడదు అన్నాడు. మాటిచ్చాను. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాను, నీ ముందే చెబుతున్నాను.

25న రైలు దిగగానే మీ అన్నయ్య ఉంటారు. 27 పొద్దున ఆరింటికి నల్లా దగ్గర మొదలు. ఉడకబెట్టిన గుడ్లు, రొట్టె, రెండు సీసాల నీళ్ళు. నా పాత గొడుగు కూడా తెస్తాను, నువ్వు బండ మీద కూచున్ననాటిదే. పుల్లలు మార్చాను, గుడ్డ మార్చాను, పిడి మాత్రం అదే.

నిద్ర పట్టడంలేదు. పరీక్ష ముందు రోజు పిల్లలా ఉంది నా పని.

మీ వదిన

ఫిబ్రవరి 27
కొండ పైన, బడి గోడ పక్కన

వదినా,

బట్టల కత్తిరింపులకి వాడే కాగితం వెనక రాస్తున్నాను. స్టాంపు అంటించి, నీ చిరునామా రాసిన కవరు ఇంట్లోంచే తెచ్చాను. లోపలి జేబు ఎందుకు కుట్టానో ఇప్పుడు తెలిసిందా? నీ జనవరి ఇరవై ఉత్తరం చదివిన రోజే కుట్టాను.

నువ్విప్పుడు నోరుమూసే మలుపు దగ్గర నా బండ మీద కూచుని ఉన్నావు. ఇక్కడి అంచు నుంచి నీ గొడుగు కనిపిస్తోంది. నువ్వు ఆగినప్పుడు నేనూ ఆగిపోతానన్నాను. "నేను మాటిచ్చింది నా కాలికి. నీ కాలికి కాదు. పో" అన్నావు. ముప్పై ఒక్కేళ్ళు ఎక్కినదానివి చివరిసారి వంద గజాల కింద కూచుని, ఒక్కసారీ ఎక్కనిదాన్ని పంపడానికి నీకు ఎలా ఉందో నేను అడగలేదు. నువ్వు నవ్వుతూనే ఉన్నావు. నోరు మాత్రం మూసుకుని నవ్వావు.

ఎక్కాను వదినా. మలుపు దాటగానే గాలి మారిపోయింది. కుడి మోకాలు రెండుసార్లు బిగుసుకోబోయింది, "ఆగవే, ఎర్రపెట్టె చూశాక నీ ఇష్టం" అని దాంతో మాట్లాడాను. చివరి మెట్టు దగ్గర చేతులు కూడా వాడాను. ఎవరూ చూడలేదు అనుకున్నాను గానీ పదిహేడిళ్ళ వాళ్ళూ అరుగుల మీదే ఉన్నారు. ఒక ముసలావిడ నా ప్యాంటు చూసి, "సంచమ్మ ఏదీ?" అంది. నిన్నిక్కడ సంచమ్మ అంటారని నాకెప్పుడూ చెప్పలేదేం? మలుపు దగ్గరుందని చెప్పాను. అంతే, ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. అందరూ అంచు దగ్గరికొచ్చి చేతులూపారు. నువ్వు గొడుగెత్తావు. మూడుసార్లు ఎత్తావు, నేను లెక్కపెట్టాను. నా పక్కన ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "అమ్మ తిట్లు విని నాలుగేళ్ళయింది" అంది.

ఎర్రపెట్టె చూశాను. రంగు పోయింది, మూత కిర్రుమంటోంది. రేపు చివరిసారి తెరుస్తారట. ఇందులో ఇప్పుడు ఒక ఉత్తరం వేస్తున్నాను. నీకు.

రాయడానికి గొప్ప విషయమేం లేదు. ఉత్తరం రావాలి కాబట్టి రాస్తున్నాను.

ఇక దిగుతాను. నువ్వు ఒక్కదానివే ఉన్నావని పరిగెత్తను. అడ్డంగా, మెల్లగా, నిటారు చోట వెనక్కి తిరిగి వస్తాను. కూచునే ఉండు.

పైనుంచి
నీ కత్తెర

మార్చి 4

కత్తెరకు,

నువ్వు నిన్న రైలెక్కాక ఇల్లు బోసిపోయింది. మీ అన్నయ్య మూడు గడియారాలు ఒకేసారి విప్పి కూచున్నారు, ఏ చక్రం దేనిదో ఇప్పుడు ఆయనకే తెలియదు.

రెండు పొరల గుడ్డ సంగతి ఒప్పుకుంటున్నాను. ఆఖరి నిటారు దగ్గర ఇద్దరం కూచుని జారుకుంటూ దిగుతామని నీకు జనవరిలోనే ఎలా తెలిసింది? కింద నల్లా దగ్గర మీ అన్నయ్య మనల్ని ఆ భంగిమలో చూసి గడియారం వంక చూసుకున్నారే, అది సిగ్గుతో. ఒక పొరైతే చిరిగేది. నీ ముందుచూపుకి దండం.

ఒకటో తారీకున బాటకి తీగ కట్టేశారు. చూడ్డానికి వెళ్ళలేదు, నిన్నటిదాకా నువ్వు ఉన్నావు గనక గుర్తే రాలేదు.

పదిన ఆసుపత్రి. నువ్వు ఎనిమిదికల్లా మళ్ళీ వస్తావని మాటిచ్చావు. డాక్టర్ని అడిగాను, మూడు నెలలకు మెట్లు ఎక్కొచ్చట. లిఫ్టు లేని నాలుగంతస్తులే కదా. బుట్ట తాడు తీసెయ్యి. నేనెక్కే వస్తాను.

అసలు విషయం. ఇవాళ పొద్దున పదకొండింటికి పోస్టుమాన్ వచ్చాడు. నేను గుమ్మంలోనే కూచున్నాను, కాలు బల్ల మీద పెట్టుకుని. కవరు చేతికిచ్చాడు. నీ రాత. ఎడమ మూలన నీలం పెన్సిలు గీత. గీస్తున్నానంటే నమ్మలేదు నేను, తిన్నగానే గీశాడు. నువ్వు పైన ఏం చేశావో నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నాలుగు రోజులు ఒకే ఇంట్లో నా పక్కనే తిరుగుతూ, నీ పెదవి దాటనివ్వలేదు. నీకింత ఓపిక ఉందని నేను కలలో కూడా అనుకోలేదు.

చదవడానికి ముందు కవరు తిప్పి తిప్పి చూశాను. పెన్ను అడిగాను. "ఎందుకమ్మా?" అన్నాడు.

"సంతకం పెట్టాలి కదా" అన్నాను.

"మామూలు ఉత్తరానికి సంతకం అక్కర్లేదు, మీకు తెలీదా?" అన్నాడు.

తెలుసు. అయినా అతని పుస్తకంలో ఒక మూలన పెట్టాను.

ఉత్తరం అందుకున్న
సంచమ్మ